మళ్లీ బడికి పోయే బిడ్డకు ధైర్యం

మీరు మొదటిసారి పలక పట్టిన రోజు గుర్తుందా?

చెయ్యి వణికింది. బలపం జారింది. 'అ' రాయబోతే గీత ఎటో పోయింది. పక్కనామె చూస్తుందేమోనని పలక మీద కొంగు కప్పుకున్న వాళ్లున్నారు. కేంద్రానికి పోయే దారిలో ఎవరైనా ఎదురైతే పలకను వెనక దాచుకున్న వాళ్లున్నారు. "ఈ వయసులో నాకెందుకమ్మా చదువు" అని గడప దగ్గరే ఆగిపోయిన వాళ్లూ ఉన్నారు.

ఆ భయం ఎలా పోయింది? ఒక్క రోజులో పోలేదు. పక్కనామె కూడా తప్పు రాసింది. చదువు చెప్పే అమ్మాయి నవ్వలేదు, తిట్టలేదు. మెల్లగా పేరు రాయడం వచ్చింది. సంతకం పెట్టిన రోజు సగం భయం పోయింది. బస్సు బోర్డు సొంతంగా చదివిన రోజు మిగతా సగం పోయింది.

బడి మానేసి, మళ్లీ బడికి పోయే పిల్లలకూ అదే భయం ఉంటుంది. ఆ భయం ఎలాంటిదో పెద్దయ్యాక చదువు నేర్చిన తల్లికి బాగా తెలుసు. అందుకే ఆ తల్లి బిడ్డకు అందరికంటే బాగా ధైర్యం చెప్పగలదు.

బడి ఎందుకు మానతారు?

కొందరు పిల్లలు పనికి పోవాలని మానతారు. కొందరు చంటిపిల్లల్ని చూసుకోవాలని మానతారు. తల్లిదండ్రులు వలస పోతే వాళ్ల వెంట పోతారు. జబ్బు చేసి కొందరు, పరీక్ష తప్పి కొందరు ఆగిపోతారు. పెద్దమనిషి అయిందని కొందరు ఆడపిల్లల్ని ఇంట్లో కూర్చోబెడతారు.

2020 మార్చిలో కరోనా వచ్చింది. దేశమంతా బళ్లు మూతపడ్డాయి. మధ్యలో కొన్నాళ్లు తెరిచారు. 2021లో మళ్లీ మూశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో, తెలంగాణలో సెప్టెంబరులో తిరిగి తెరిచారు. ఆ మధ్యలో చదివింది మరిచిపోయిన పిల్లలు ఎందరో. మళ్లీ బడి గడప తొక్కడానికి వాళ్లకూ కాళ్లు వణికాయి.

కారణం ఏదైనా కావచ్చు. బడి మానినంత తేలిక కాదు, మళ్లీ పోవడం.

మల్లేశ్వరికి కడుపునొప్పి

ఒక అమ్మాయి ఉందనుకుందాం. పేరు మల్లేశ్వరి. వయసు పన్నెండేళ్లు. ఊరు కర్నూలు వైపు. ఐదో తరగతితో బడి మానేసింది. రెండేళ్లు పత్తి విత్తనాల చేలో క్రాసింగ్ పనికి పోయింది.

క్రాసింగ్ పని అంటే ఆ వైపు వాళ్లందరికీ తెలుసు. సాయంత్రం పత్తి మొగ్గను విప్పి, లోపలి పుప్పొడి కాడల్ని తీసెయ్యాలి. మర్నాడు పొద్దున దానికి వేరే పువ్వు పుప్పొడి రుద్దాలి. రోజంతా నడుం వంచి ఉండాలి. చేనుకు కొట్టిన పురుగుమందు ముక్కుకు, కంటికి తగులుతూనే ఉంటుంది. తలనొప్పి, వాంతులు. చిన్న చేతులైతే పని చురుగ్గా సాగుతుందని, కూలి తక్కువని ఎన్నో ఏళ్లు ఆడపిల్లల్నే ఎక్కువగా ఈ పనికి పెట్టారు.

మల్లేశ్వరి వాళ్లమ్మ సుంకమ్మ రాత్రి కేంద్రంలో చదువు నేర్చింది. బిడ్డను మళ్లీ బడికి పంపాలనుకుంది. జూన్‌లో బడి తెరిచారు. కొత్త సంచి కొన్నది. తల దువ్వింది.

"అమ్మా, కడుపునొప్పి" అంది మల్లేశ్వరి.

సరే, రేపు పోదువులే అంది సుంకమ్మ. మర్నాడు తలనొప్పి అంది. మూడో రోజు మళ్లీ కడుపునొప్పి. ఎండ ఎక్కితే నొప్పి పోతుంది. ఆదివారం నొప్పే లేదు.

వాళ్ల నాయనకు కోపం వచ్చింది. "వేషాలు! దీనికి చదువు మీద ధ్యాస లేదు. పనికే పంపు" అన్నాడు.

అవి వేషాలు కావు. భయం ఎక్కువైతే పిల్లలకు నిజంగానే కడుపులో తిప్పుతుంది, గుండె దడదడలాడుతుంది, అన్నం సయించదు. పెద్దవాళ్లకు మాత్రం అలా కాదా? ఆఫీసులో అధికారి ముందు నిలబడితే నోరు ఎండిపోదా? అదీ ఇదీ ఒకటే.

నొప్పి రోజూ ఉన్నా, జ్వరం వచ్చినా, రాత్రి నిద్రలో కూడా నొప్పి అన్నా డాక్టరుకు చూపించాలి. బడి రోజుల్లో, బడి వేళకే వస్తుంటే మాత్రం లోపల ఏదో భయం ఉందని తెలుసుకోవాలి.

అడిగితే చెప్పదు, వింటే చెబుతుంది

సుంకమ్మ ఆ రాత్రి బిడ్డ పక్కన పడుకుంది. "ఎందుకు పోవు?" అని అడగలేదు. తన సంగతి చెప్పింది.

"నేను మొదటిరోజు కేంద్రానికి పోయినప్పుడు నాకు చెమటలు పట్టినాయి. 'ప' రాయమంటే 'వ' రాసినా. పక్కింటి వదిన నవ్వింది. రెండ్రోజులు పోలేదు" అంది.

మల్లేశ్వరి ఇటు తిరిగింది. "మళ్లీ ఎట్ల పోయినావు?" అంది.

అప్పుడు మాట బయటికి వచ్చింది. మల్లేశ్వరికి ఒక భయం కాదు, నాలుగు భయాలు.

ఒకటి. "చిన్నపిల్లల పక్కన కూర్చోబెడతారు. పొడుగు దాన్ని చూసి అందరూ నవ్వుతారు."

రెండు. "చదివిందంతా మర్చిపోయినా. సారు లేపి చదవమంటే ఏం చేయాల? కొడతారు."

మూడు. "నాతో చదివినోళ్లు ఇప్పుడు ఏడో తరగతి. నాతో మాట్లాడరు."

నాలుగోది చాలాసేపటికి చెప్పింది. "నెలసరి వస్తే బడిలో ఎట్ల?"

సుంకమ్మ నవ్వలేదు. "ఇంతేనా" అనలేదు. నాలుగూ విన్నది. పేరు తెలియని భయం పెద్దగా కనిపిస్తుంది. పేరు పెడితే చిన్నదవుతుంది. ఒక్కోదానికి దారి వెతకొచ్చు.

అవ్వ మాట

పొద్దున అవ్వ అంది: "మొక్కై వంగనిది మానై వంగుతుందా? రెండేళ్లు పోయినాయి. ఇంక దానికి చదువెట్ల వస్తది?"

సుంకమ్మ మెల్లగా అంది: "నాకు ముప్ఫై ఐదేళ్లకు వచ్చె గదా అత్తా! మొన్న నీ పింఛను పుస్తకం చదివి చెప్పింది ఎవరు?"

అవ్వ ఇంకేమీ అనలేదు.

సామెతలు మంచివే. కానీ మనుషులు మాన్లు కారు. ఏ వయసులోనైనా నేర్చుకోగలరు. ఈ పుస్తకం చదువుతున్న ప్రతి అక్కా అందుకు సాక్ష్యం.

చట్టం ఏం చెబుతుంది?

సుంకమ్మ బిడ్డను తీసుకుని బడికి పోయింది. పిల్లలు ఎవరూ లేని వేళ, సాయంత్రం పోయింది. హెడ్మాస్టరుతో మాట్లాడింది. అక్కడ తెలిసిన సంగతులు ఇవి.

2009లో విద్యాహక్కు చట్టం చేశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా పిల్లలందరికీ చదువు హక్కు. ఫీజు లేదు.

బడి మానేసిన పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. పన్నెండేళ్ల మల్లేశ్వరిని ఐదో తరగతిలో చిన్నపిల్లల పక్కన కూర్చోబెట్టరు. తన ఈడు పిల్లలతోనే, ఏడో తరగతిలో కూర్చుంటుంది.

మరి రాని పాఠాలో? వాటికోసం వేరుగా శిక్షణ ఇవ్వాలి. అది కనీసం మూడు నెలలు. అవసరమైతే రెండేళ్ల దాకా ఇవ్వొచ్చు. ఈలోగా పద్నాలుగేళ్లు దాటినా ఎనిమిదో తరగతి అయ్యేదాకా ఉచితంగా చదవొచ్చు.

పుట్టిన తేదీ కాగితం లేదని, టీసీ లేదని, ఆలస్యంగా వచ్చారని బడిలో చేర్చుకోకపోవడం తప్పు.

పిల్లల్ని కొట్టకూడదు. మనసు నొప్పించేలా అవమానించకూడదు. ఇదీ ఆ చట్టంలోనే ఉంది.

ఇంటి దగ్గర చదువు సాగకపోతే ఆడపిల్లలకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. 2004లో ఈ పథకం మొదలైంది. బడి మానేసిన ఆడపిల్లల కోసమే ముఖ్యంగా వీటిని పెట్టారు. ఉండడం, తినడం, చదువు అన్నీ అక్కడే. డబ్బు కట్టనక్కర్లేదు.

మల్లేశ్వరి మొదటి భయం అక్కడే పోయింది.

రంగారెడ్డి జిల్లాలో ఏం జరిగింది?

ఇది కొత్త సంగతి కాదు. 1991లో రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ అనే సంస్థ ఈ పని మొదలుపెట్టింది. దాన్ని నడిపించినావిడ శాంతా సిన్హా. పొలాల్లో, పశువుల వెంట, ఇళ్లల్లో పనిచేసే పిల్లల్ని బడికి తేవాలని వాళ్లు పూనుకున్నారు.

కొంచెం పెద్ద పిల్లల్ని నేరుగా తరగతిలో కూర్చోబెడితే నిలవరని తెలిసింది. అందుకని శిబిరాలు పెట్టారు. పిల్లలు కొన్ని నెలలు అక్కడే ఉండేవాళ్లు. పాటలు, ఆటలు, కథలతో చదువు సాగేది. అక్షరాలతో పాటు నలుగురిలో మాట్లాడడం అలవాటయ్యేది. తర్వాత వాళ్లను ఈడుకు తగ్గ తరగతిలో చేర్చేవాళ్లు. వాగు మీద వంతెన లాంటిది ఆ శిబిరం. అందుకే దాన్ని బ్రిడ్జి కోర్సు అన్నారు.

ఈ పనికి 2003లో శాంతా సిన్హాకు మెగసెసే అవార్డు వచ్చింది. పనికి పోయిన పిల్లలకు ఇంక చదువు రాదన్న మాట తప్పని ఆ పిల్లలే చూపించారు.

మొదటి పదిరోజులు

బడికి మళ్లీ పోయే పిల్లలకు మొదటి పదిరోజులే కష్టం. అప్పుడు ఇంట్లో వాళ్లు ఏం చెయ్యాలి? సుంకమ్మ చేసిన పనులు చూడండి.

బడి తెరిచేముందే ఒకసారి బిడ్డకు బడి చూపించాలి. తరగతి గది ఏది, మంచినీళ్లు ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ, తలుపుకు గడియ ఉందా చూసుకోవాలి. తెలిసిన చోటుకు పోతే భయం తగ్గుతుంది.

ఒక్క జత చాలు. వీధిలో అదే బడికి పోయే పిల్లను చూసి, ఇద్దర్నీ కలిసి పొమ్మనాలి. మల్లేశ్వరికి మూడిళ్ల అవతల పిల్ల జత దొరికింది. మూడో భయమూ పోయింది.

నెలసరి సంగతి దాచకుండా చెప్పాలి. అది జబ్బు కాదు, తప్పు కాదు. సంచిలో శుభ్రమైన గుడ్డ గానీ, ప్యాడ్ గానీ పెట్టాలి. బడిలో ఏ టీచరమ్మకు చెప్పుకోవచ్చో ముందే తెలుసుకోవాలి.

టీచరుతో మాట్లాడాలి. "మా పాప రెండేళ్ల తర్వాత వస్తోంది. కొన్నాళ్లు అందరి ముందూ లేపి చదివించకండి. దగ్గరికి పిలిచి అడగండి" అని చెప్పాలి. ఇది బతిమాలడం కాదు. బిడ్డ సంగతి తెలిస్తే టీచరుకూ మేలే.

రాత్రి పొద్దు పోకముందే పడుకోనివ్వాలి. పొద్దున ఏదైనా తిని పోవాలి. కడుపు కాలుతుంటే పాఠం తలకెక్కదు.

ఇంటి పని తగ్గించాలి. ఇది ముఖ్యం. బడికి పంపి, వచ్చాక అంట్లు, నీళ్లు, తమ్ముడి పని అన్నీ ఆ పిల్ల మీదే వేస్తే నాలుగు రోజులకే అలసిపోతుంది. సుంకమ్మ మూడేళ్ల కొడుకును అంగన్‌వాడీకి పంపింది. నీళ్లు పెద్దకొడుకును తెమ్మంది. వాడు మొదట గొణిగాడు. తర్వాత తెచ్చాడు.

సాయంత్రం ఒక పేజీ. తల్లి ఒక వాక్యం చదవాలి, బిడ్డ ఒక వాక్యం చదవాలి. తల్లి తడబడితే బిడ్డ సరిచెయ్యాలి. బిడ్డ తడబడితే తల్లి ఆగి చూడాలి. అమ్మ కూడా తప్పు చదువుతుందని చూసిన బిడ్డకు తప్పంటే భయం పోతుంది. మల్లేశ్వరి రెండో భయం అలా మెల్లమెల్లగా కరిగింది.

మాటకు బలం ఉంది

ఒక మాట బిడ్డను నిలబెడుతుంది. ఒక మాట పడగొడుతుంది.

"పక్కింటి పిల్లను చూడు, ఎంత బాగా చదువుతుందో!" ఈ మాట అనకూడదు.
"నిన్న మూడు మాటల దగ్గర ఆగావు. ఇవాళ ఒక్కదాని దగ్గరే ఆగావు." ఈ మాట అనాలి.

"నీ బుర్రలో మట్టి ఉంది." ఈ మాట అనకూడదు.
"ఇది కష్టంగానే ఉంది. ఇంకోసారి చూద్దాం." ఈ మాట అనాలి.

"నీకోసం ఎంత ఖర్చు పెడుతున్నాం!" ఈ మాట అనకూడదు.
"ఇవాళ బడిలో ఏం బాగుంది? ఏం బాగాలేదు?" ఇలా అడగాలి.

వచ్చినవాళ్ల ముందు బిడ్డను తక్కువ చేసి మాట్లాడకూడదు. ఊరికే పొగడనూ కూడదు. ఏం బాగా చేసిందో చూసి, ఆ పని పేరు చెప్పి మెచ్చుకోవాలి. బిడ్డకు వచ్చిన పనుల్ని కూడా గుర్తు చెయ్యాలి. మల్లేశ్వరి కూలి లెక్క నోటితో చెప్పగలదు. "లెక్కలు నీకు ముందే వచ్చు. ఇప్పుడు కాగితం మీద రాస్తున్నావంతే" అంది సుంకమ్మ. పనిలో నేర్చింది కూడా చదువే.

ఆగస్టు వచ్చింది

బడి మొదలై రెండు నెలలైంది. ఆగస్టులో క్రాసింగ్ పని మొదలవుతుంది. మేస్త్రీ ఇంటికి వచ్చాడు. మల్లేశ్వరి నాయన ఎండాకాలంలోనే ఐదువేలు అడ్వాన్సు తీసుకున్నాడు. బిడ్డను పంపమన్నాడు మేస్త్రీ.

మల్లేశ్వరి తలుపు చాటున నిలబడి ఉంది. ఎవరు ఏమంటారో వింటోంది.

బిడ్డ ధైర్యానికి అసలు పరీక్ష ఇదే. అమ్మ ఎన్ని మంచి మాటలు చెప్పినా, ఇవాళ పనికి పంపితే ఆ మాటలన్నీ నీళ్లమీద రాతలే. ఇంకోసారి బడి అంటే ఆ బిడ్డ నమ్మదు.

సుంకమ్మ అంది: "మా పాపకు పన్నెండేళ్లు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని కూలికి పెట్టుకోవడం నేరం. చట్టం నేనే చదివినా."

ఆమె చెప్పింది నిజం. బాలకార్మిక చట్టాన్ని 2016లో మార్చి గట్టి చేశారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని కూలికి పెట్టుకున్న వారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లేదా ఇరవై వేల నుంచి యాభై వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పద్నాలుగు దాటి పద్దెనిమిది లోపు పిల్లల్ని ప్రమాదమైన పనుల్లో పెట్టకూడదు. బడి వేళ తర్వాత, సెలవుల్లో సొంత ఇంటి పనిలో సాయం చేస్తే మాత్రం తప్పు లేదు.

మరి అడ్వాన్సు? సుంకమ్మ పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. మేస్త్రీ డబ్బు మేస్త్రీకి ఇచ్చేసింది. సంఘానికి నెలనెలా కట్టుకుంటోంది. కష్టమే. మల్లేశ్వరి నాయన మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు బిడ్డ పుస్తకం తెరిచి బొమ్మలు చూశాడు. "ఇదేం రాసింది?" అని అడిగాడు. మల్లేశ్వరి చదివి వినిపించింది.

ఆ తర్వాత పొద్దున కడుపునొప్పి అన్న మాట తగ్గింది. పూర్తిగా పోలేదు. పరీక్షల ముందు మళ్లీ ఒకసారి వచ్చింది. అప్పుడు ఏం చెయ్యాలో ఇంట్లో అందరికీ తెలుసు.

వయసు దాటిపోతే?

పదిహేను, పదహారేళ్లు వచ్చినా దారి మూసుకుపోలేదు. రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూలు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991లో మొదలైంది. పద్నాలుగేళ్లు నిండితే అందులో పదో తరగతికి చేరవచ్చు. రోజూ బడికి పోనక్కర్లేదు. అన్ని పరీక్షలూ ఒకేసారి పాసు కానక్కర్లేదు. తల్లులు కూడా రాయొచ్చు.

ఆడపిల్ల బడి మానగానే పెళ్లి మాట వస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చెయ్యడం నేరం. బడికి పోయే పిల్లకు తొందరపడి పెళ్లి చెయ్యాలన్న ఒత్తిడి కూడా తగ్గుతుంది.

ఎప్పుడు సాయం అడగాలి?

కొన్నిసార్లు ఇంట్లో ధైర్యం చెప్పడం చాలదు. బిడ్డ రెండు వారాలకు పైగా దిగులుగా ఉన్నా, ఎవరితో మాట్లాడకపోయినా, నిద్ర తిండి మానేసినా తేలిగ్గా తీసుకోకూడదు. "నేను చచ్చిపోతా" అన్న మాట ఒక్కసారి అన్నా తిట్టకూడదు, నవ్వకూడదు. ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలు అందకుండా చెయ్యాలి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మనసుకు జబ్బు చేస్తే గాలి సోకిందని తాయెత్తులు కట్టి ఊరుకోకూడదు. దానికీ మందు ఉంది, డాక్టరు ఉన్నారు.

14416 కు ఫోన్ చెయ్యొచ్చు. దాని పేరు టెలీ మానస్. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పలుకుతారు. తెలుగులో మాట్లాడొచ్చు. డబ్బు పడదు.

పిల్లల్ని ఎవరైనా కొట్టినా, పనికి పెట్టినా, చెడుగా తాకినా, బలవంతంగా పెళ్లి చేస్తున్నా 1098 కు ఫోన్ చెయ్యాలి. గుర్తుపెట్టుకోవడం తేలిక: పది, తొమ్మిది, ఎనిమిది. ఈ రెండు నంబర్లూ గోడమీద రాసి పెట్టుకోండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు.

గుర్తుంచుకుందాం

బడికి పోనన్న బిడ్డ మొండిది కాదు. భయపడుతోంది.
ముందు వినాలి. తర్వాత చెప్పాలి.
భయాలకు ఒక్కొక్కదానికి పేరు పెట్టి దారి వెతకాలి.
పోల్చకూడదు. చేసిన పనిని మెచ్చుకోవాలి.
ఇంటి పని అందరూ పంచుకోవాలి.
ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి. బిడ్డకు ధైర్యం దాంతోనే వస్తుంది.

మాట్లాడుకుందాం

1. మీరు చదువు మొదలుపెట్టినప్పుడు మీకు దేనికి భయం వేసింది? అది ఎలా పోయింది?
2. మీ వీధిలో బడి మానేసిన పిల్లలు ఎవరున్నారు? ఎందుకు మానేశారు?
3. సుంకమ్మ మేస్త్రీకి చెప్పిన జవాబు సరైందేనా? మీరైతే ఏం చేస్తారు?
4. మీ ఊరి బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి, నీళ్లు ఉన్నాయా? లేకపోతే ఎవర్ని అడగాలి?

రాద్దాం

ఖాళీలు పూరించండి.
1. విద్యాహక్కు చట్టం ______ ఏళ్ల నుంచి ______ ఏళ్ల దాకా పిల్లలకు వర్తిస్తుంది.
2. పిల్లలకు ఆపద వస్తే ______ కు ఫోన్ చెయ్యాలి.

మీ బిడ్డకు మూడు వాక్యాల ఉత్తరం రాయండి. ఆ బిడ్డ చేసిన ఒక మంచి పనిని అందులో మెచ్చుకోండి. తప్పులు వచ్చినా ఫర్వాలేదు. రాత్రి అన్నాలయ్యాక మీరే చదివి వినిపించండి.